అసలు నిలిస్తేనే ఫసలు

భాషాధ్యాపకునికి మట్టితో పనేమి అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను రసాయన శాస్త్రజ్ఞుడను కాను. వ్యవసాయ కళాశాల మెట్లెక్కిన వాడను కాను. మాటల పుట్టుపూర్వోత్తరాలు వెదకడం నా వృత్తి. ఆ వెదుకులాటలోనే ఒకనాడు రెండు మాటలు నన్ను ఆలోచనలో పడవేశాయి. ఒకటి 'అసలు', రెండవది 'ఫసలు'. రెండూ అరబ్బీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగునేలకు వచ్చి మనవైపోయిన మాటలే. అప్పు పుచ్చుకున్న ప్రతి రైతుకూ అసలంటే ఏమిటో, వడ్డీ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. ఫసలంటే పంట. జూలై 1వ తేదీతో మొదలయ్యే ఫసలీ సంవత్సరం పేరు రెవెన్యూ కాగితాలు చూచిన ప్రతివారూ విన్నదే. ఈ రెండు మాటలను పక్కపక్కన నిలిపి చూస్తే మన ప్రాంతపు సేద్యం కథ అంతా వానిలోనే ఇమిడి ఉన్నట్లు తోచింది. పొలంలోని మట్టి అసలు. ఏటేటా వచ్చే పంట దానిపై లభించే ఫలం. అసలును కదలనీయక ఫలాన్ని అనుభవించేవాడు గృహస్థు. అసలునే తినేవాడు ఎంత కలిగినవాడైనా తుదకు దివాలా తీయక తప్పదు.

ఈ ధర్మాన్ని మన పెద్దలు ఎరుగనివారు కారు. వక్ఫు అనే వ్యవస్థకు మూలసూత్రమే ఇది. ఆస్తి అసలు స్థిరంగా నిలవాలి. దాని ఆదాయం మాత్రమే పేదలకు, విద్యకు, ధర్మకార్యాలకు వినియోగం కావాలి. దేవాలయ మాన్యాల వెనుక ఉన్న భావమూ ఇట్టిదే. 12వ శతాబ్దంలో స్పెయిన్ దేశపు సెవిల్ నగరంలో నివసించిన ఇబ్న్ అల్ అవ్వామ్ అనే పండితుడు 'కితాబ్ అల్ ఫిలాహా' అనే బృహత్తర వ్యవసాయ గ్రంథాన్ని రచించి, అందులో తొలి అధ్యాయాలను నేలల స్వభావానికీ, ఎరువులకూ కేటాయించినాడు. విత్తనం కంటె ముందు మట్టిని గూర్చి చెప్పడంలోనే ఆయన వివేకం కనబడుతున్నది. మనమో, విత్తనాల కంపెనీ పేరు ముందు అడుగుతాము, పురుగుమందు పేరు తరువాత అడుగుతాము. మట్టిని గూర్చి అడగనే అడగము.

మన పడమటి కర్నూలు జిల్లా నైసర్గిక పరిస్థితిని ఒక్కసారి పరిశీలింతము. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతాలలో విస్తారమైన నల్లరేగడి. పత్తికొండ, తుగ్గలి వైపు ఎర్రనేలలు. కోడుమూరు చుట్టూ ఈ రెండూ కలగలసిన చేలు. వర్షపాతం అంతంతమాత్రం. ఆ కొంచెం వాన కూడ ఏడాది పొడవునా నెమ్మదిగా కురియదు. నెలల తరబడి ముఖం చాటువేసి, ఒక్క రాత్రిలో కుండపోతగా వచ్చి పడుతుంది. వేసవిలో చేయి దూరేంత నెర్రెలు విచ్చిన రేగడి, ఆ వానకు ఉబ్బి, నెర్రెలు మూసుకొని, పైపొర బంకగా మారి, నీటిని లోనికి పోనీయదు. ఎర్రనేల సంగతి వేరు. దానిలో జిగి తక్కువ. చినుకు తాకిడికి పైమట్టి విడిపోయి, ఆరిన తరువాత పెంకు కడుతుంది. కారణాలు వేరైనా ఫలితం ఒక్కటే. నీరు చేనిలో నిలువక వంకల వెంట పరుగెత్తుతుంది. పోతూ పోతూ ఒంటరిగా పోదు; మట్టిని వెంటబెట్టుకొని పోతుంది.

వానాకాలంలో హంద్రి వంతెన మీద నిలబడి ఒక్కసారి నీటిని చూడండి. ఆ నీటికి రంగు ఎక్కడిది? అది మన చేల రంగు. ఒక ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి కొట్టుకొనిపోతే, దాని బరువు సుమారు 5 టన్నులు. అంటే అరటన్ను ఎత్తే ఎద్దులబండ్లకు పది బండ్ల మట్టి. దొంగ వచ్చి మన చేనిలో పది బండ్ల మట్టి తోలుకొనిపోతే ఊరంతా ఏకమవుతాము. వాన తోలుకొనిపోతే మాత్రం మంచి వాన పడిందని సంతోషించి ఊరుకుంటాము. మిల్లీమీటరు కంటికి కనబడదు గదా! దేశం మొత్తం మీద ఏటా సుమారు 533 కోట్ల టన్నుల మట్టి స్థానభ్రంశం పొందుతున్నదని, అంటే హెక్టారుకు సగటున 16 టన్నులకు పైగా అని, 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే శాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. అందులో సుమారు మూడవ వంతుకు కొంచెం తక్కువ భాగం సముద్రంలో కలిసి శాశ్వతంగా నశిస్తున్నదని, పదవ వంతు జలాశయాలలో చేరి పూడిక అవుతున్నదని వారి అంచనా.

ఆ పూడిక భారాన్ని మనకంటె బాగుగా ఎరిగినవారెవరు? మన ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు ఆయకట్టుకు ప్రాణాధారమైన తుంగభద్ర దిగువ కాలువకు నీరిచ్చే జలాశయం 1953లో పూర్తయిననాడు సుమారు 132 టి.ఎం.సి.ల నీటిని నిలుపుకొనేది. 2016 నాటి కొలతలలో ఆ సామర్థ్యం సుమారు 105 టి.ఎం.సి.లకు తగ్గినట్లు తేలింది. తగ్గిన ఆ నీటి స్థానంలో ఉన్నది ఎగువనున్న కన్నడ సీమ మట్టి. వారి మట్టి పోయింది, మన నీరు పోయింది. ఐతే మనము వారిని నిందించి ప్రయోజనం లేదు. మన హంద్రి కర్నూలు వద్ద తుంగభద్రలో, తుంగభద్ర ఆపై కృష్ణలో కలిసి, మన మట్టిని శ్రీశైలం జలాశయానికి చేరుస్తున్నవి. మొదట 308 టి.ఎం.సి.లుగా లెక్కించిన శ్రీశైలం సామర్థ్యం నేడు సుమారు 215కు దిగివచ్చింది. ఒకరి చేనిలో పోయిన అసలు మరొకరి చెరువులో అప్పుగా తేలుతున్నది.

మట్టి పోవడమంటే ధూళి పోవడం కాదు. నేలలో సారవంతమైనది పైపొరయే. అందులోనే సేంద్రియ కర్బనం ఉంటుంది. ఆకులలము, వేళ్ళు, పేడ కుళ్ళి మట్టిలో కలిసిన నల్లని పదార్థమే దానికి ఆధారం. అది మట్టిరేణువులను ఒకదానితో ఒకటి కూర్చి గుళికలుగా నిలుపుతుంది. నీటిని పట్టి ఉంచుతుంది. వేసిన ఎరువును వేరు అందుకొనేదాక పోకుండా కాపాడుతుంది. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటె తక్కువైతే ఆ నేలను 'తక్కువ' అనే వరుసలో వేస్తారు. మన మెట్టచేలలో అనేకం ఈ వరుసలోనివే. తొలకరి వాన కడిగిన చేలలో వజ్రాలు దొరుకుతాయన్న ఆశతో తుగ్గలి, జొన్నగిరి ప్రాంతాలకు ఏటా జనం తండోపతండాలుగా పోవడం మనమెరుగుదుము. వజ్రమూ కర్బనమే, బొగ్గూ కర్బనమే. నేలలో మిగిలిన ఒక కర్బనపు తునక కోసం కళ్ళు కాయలు కాచేలా వెదికే మనము, అదే వానలో కొట్టుకొనిపోయే మరియొక కర్బనాన్ని చూచి కూడ చూడనట్లే ఉన్నాము. మొదటిది లక్షలో ఒకరికి దొరికితే దొరుకును. రెండవది ప్రతి రైతుకూ పెట్టుబడి.

మా విద్యార్థి ఒకని తండ్రిగారితో మాట్లాడుతున్నప్పుడు ఆయన అన్న మాట నాకింకను గుర్తున్నది. "ఎరువు ఏసినంత ఏసినా వాన వచ్చి కడుక్కోని పోతాంది సార్. నేలలో సత్తువ ల్యాక నేను ఏం జేసేది?" అన్నాడాయన. ఆ మాటలో శాస్త్రమంతా ఉన్నది. ఒక యూరియా మూటలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటే, అందులో పైరుకు అందేది సాధారణంగా సగం కంటె తక్కువే. మిగిలినది కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటితో పోతుంది. సత్తువ లేని నేల చిల్లుల కుండ వంటిది. కుండకు చిల్లులు పూడ్చక నీరు పోసేకొద్దీ బావికీ ఇంటికీ నడక పెరుగుతుంది గాని కుండ నిండదు. ఆ నడకయే మన రైతుకు అప్పుగా పరిణమిస్తున్నది.

ఇది ఇట్లుండగా, మరొక వైపు మన చేతులతో మనమే కర్బనాన్ని తగులబెడుతున్నాము. పత్తి ఏరిన తరువాత, వేసవి మొదలయ్యే దినాలలో, సంధ్యవేళ ఆదోని దారిలో ప్రయాణించేవారికి చేలలో మంటలు కనబడుతుంటాయి. అవి పత్తికట్టెకు పెట్టిన మంటలు. కట్టెను పీకి, కుప్పవేసి, నిప్పు పెట్టడం రైతుకు సులువు. కూలి కలిసివస్తుంది, గులాబిరంగు పురుగు నశిస్తుందన్న భావమూ కలదు. కాని ఆరునెలలు ఎండలో నిలబడి ఆ మొక్క గాలి నుండి కూడబెట్టిన కర్బనమంతా అరగంటలో పొగయై పోతుంది. మిగిలిన పిడికెడు బూడిదను వేసవి గాలి ఎగురగొట్టుతుంది. పూర్వం పొయ్యిలోకి పోయినంత కట్టె కూడ గ్యాసు పొయ్యిలు వచ్చిన తరువాత ఇంటికి పోవడం లేదు.

ఈ సందర్భంలోనే శాస్త్రజ్ఞులు బయోచార్ అనే పదార్థాన్ని గూర్చి చెబుతున్నారు. పేరు కొత్తది, వస్తువు పాతది. ఎండిన కట్టెను గాలి బాగుగా ఆడేటట్లు కాలిస్తే బూడిద మిగులుతుంది. గాలిని అదుపులో ఉంచి కాలిస్తే బొగ్గు మిగులుతుంది. ఆ బొగ్గును పొయ్యిలో గాక మట్టిలో వేయడమే బయోచార్ సారాంశం. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అరణ్యంలో ఎర్రని నిస్సారమైన నేలల నడుమ అక్కడక్కడ కాటుకవంటి నల్లని నేలలు ఉన్నవి. అవి ప్రకృతి సహజమైనవి కావు. శతాబ్దాల క్రిందట అక్కడ నివసించిన ప్రజలు బొగ్గు, ఎముకలు, కుండపెంకులు, ఇంటి చెత్త నేలలో కలపడంవలన ఏర్పడినవి. 1966లో సోంబ్రోక్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు వానిని గూర్చి విపులంగా వ్రాసినప్పటి నుండి ప్రపంచం దృష్టి వానిపై పడింది. ఆ మనుషులు పోయినారు, ఊళ్ళు పోయినవి. మట్టిలోని సారం మాత్రం నిలిచి ఉన్నది.

బొగ్గు చేసే పని ఏమనగా: దానినిండా కంటికి కనబడని సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. వానిలో నీరు నిలుస్తుంది; సూక్ష్మజీవులు తలదాచుకొంటాయి. కాలం గడిచినకొద్దీ దాని ఉపరితలం అమ్మోనియా, పొటాషు, సున్నం వంటి పోషకాలను పట్టి ఉంచే శక్తిని సంతరించుకొంటుంది. పచ్చి ఆకులలము మన ఎండలకు ఒకటి రెండేళ్ళలోనే కుళ్ళి గాలిలో కలిసిపోతే, బొగ్గులోని కర్బనం అధికభాగం దశాబ్దాలు, శతాబ్దాలు నిలుస్తుంది. హైదరాబాదులోని కేంద్ర మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థ పత్తికట్టె, కందికట్టె, ఆముదపు కట్టె వంటివానిని బొగ్గుగా మార్చడానికి సుమారు 200 లీటర్ల ఇనుప డ్రమ్ముతో చిన్న బట్టీని రూపొందించింది. డ్రమ్ము లేనివారికి గుంట చాలును. పైన వెడల్పుగా, అడుగున సన్నగా గుంట త్రవ్వి, బాగా ఎండిన కట్టెను కొంచెం కొంచెంగా వేస్తూ, పైమంట ఆరకుండా చూస్తూ, ముందు వేసిన వరుసపై తెల్లని బూడిద పొర కనబడగానే మరొక వరుస వేస్తూ పోవలెను. చివరకు నీటితోనో మట్టితోనో పూర్తిగా చల్లార్చవలెను. సక్రమంగా చేస్తే పొగ కూడ తక్కువే.

ఇంతవరకు చదివిన విద్యార్థి, ఇక బొగ్గు వేస్తే చాలు, మన కష్టాలు తీరినట్లే అని భావించరాదు. మన దేశంలో ప్రతి కొత్త మాటా మొదట మంత్రమై, తరువాత నినాదమై, చివరకు అంగడి సరుకై పోవడం మనమెరిగినదే. కావున ఈ వస్తువు హద్దులను కూడ స్పష్టంగా చెప్పడం నా బాధ్యత. మొదటిది లెక్క. మెట్టలో ఒక ఎకరం పత్తికి సుమారు ఒక టన్ను ఎండుకట్టె వస్తుందనుకొందము. దానిలో నాలుగవ వంతు బొగ్గుగా మిగిలినా 250 కిలోలు. హెక్టారుకు 5 టన్నుల చొప్పున వేయదలిస్తే ఎకరానికి 2 టన్నులు కావలెను. అంటే ఎనిమిదేళ్ళ కట్టె. ఒక్క ఏట చేనంతా నల్లబరచడం సామాన్య రైతుకు అసాధ్యం. దొరికిన కొంచెం బొగ్గును చేనంతా వెదజల్లక విత్తనపు సాళ్ళలోనో, పెంటదిబ్బలోనో వేసి ఏటికేడు కూడబెట్టడమే మార్గం.

రెండవది, బొగ్గు ఎరువు కాదు. వట్టి బొగ్గును వేస్తే అది నేలలో ఉన్న నత్రజనిని కూడ కొంతకాలం తనలోనికి లాగుకొని పైరును పస్తుపెట్టవచ్చును. ముందుగా పేడనీళ్ళతో, పశుమూత్రంతో తడిపి, కొన్ని వారాలు పెంటలో మగ్గనిచ్చి, ఆ తరువాతనే చేనికి తోలవలెను. మూడవది, బొగ్గు క్షారగుణం కలది. ఆమ్లగుణం గల నేలలకు అది ఔషధమే. కాని మన నల్లరేగడి స్వతహాగా క్షారం వైపు మొగ్గినది. దానిలో అధికంగా వేస్తే జింకు వంటి సూక్ష్మపోషకాలు పైరుకు అందక పోవచ్చును. కావున తేలికైన ఎర్రనేలలకు ముందు పీట వేసి, రేగడిలో పరీక్షించి మితంగా వాడడం వివేకం. నాలుగవది, బొగ్గు తేలికైనది. చేనిపై చల్లి వదలివేస్తే తొలివానకే తేలి వంకలో కలుస్తుంది. ఏటవాలు చేనికి గట్టు లేకుండా బొగ్గు వేయడం తలుపు లేని ఇంటిలో పెట్టెకు తాళం వేయడం వంటిది. ఐదవది, బొగ్గు కోసం పచ్చని చెట్టును నరకడం మహాపరాధం. చేలను ఆక్రమించిన కంపచెట్లు ఉన్నవి, పత్తికట్టె ఉన్నది, అవి చాలును. వేపకూ, తుమ్మకూ గొడ్డలి తగులరాదు.

ఇందుచేత నా అభిప్రాయం ఏమనగా, బొగ్గు ఒక పనిముట్టు మాత్రమే. అసలును నిలుపుకొనే సంకల్పం ముందు ఉండవలెను, పనిముట్లు తరువాత. మనకు సమీపంలోనే బళ్ళారిలో 1954 నుండి నల్లరేగడి నేలల సంరక్షణపై పరిశోధన సాగుతున్నది. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వేయడం, గట్లపై గడ్డి పెంచడం ఎప్పటి నుండియో చెబుతున్న పాఠాలే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1976 నుండి రేగడి చేలలో జరిపిన దీర్ఘకాల ప్రయోగం మరింత ఆలోచింపజేస్తున్నది. వానాకాలమంతా చేనిని బీడుగా ఉంచి రబీలో మాత్రమే పైరు వేసే పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా 6 టన్నులకు పైగా మట్టి పోగా, వెడల్పు మడులు కట్టి, వానాకాలంలోనే పైరు వేసి, కంది వంటి పప్పుజాతి మొక్కను కలిపిన పద్ధతిలో ఆ నష్టం 2 టన్నుల లోపునకు తగ్గింది. అంతేకాక పాత పద్ధతితో పోల్చితే ఆ నేలలో ఏటా హెక్టారుకు సుమారు 330 కిలోల కర్బనం అదనంగా చేరింది. అక్కడ బొగ్గు వేయలేదు. నేలకు గొడుగు పట్టినారు, అంతే.

మన తాతలు చేసినదీ అదియే. వేసవిలో చెరువు ఎండితే పూడికమట్టిని బండ్లపై చేలకు తోలేవారు. చేను ఖాళీగా ఉంటే గొర్రెల మంద పెట్టించి, మంద కాపరికి గింజలు కొలిచేవారు. కొర్ర, కంది, జొన్న సాలు మార్చి వేసేవారు. పూడిక తోలడమంటే పోయిన అసలులో కొంత భాగాన్ని తిరిగి రాబట్టుకోవడమే. ఆ పాత పనులకు నేటి బొగ్గును జోడిస్తే ఫలితం ఉంటుంది. వానిని మాని బొగ్గును మాత్రమే నమ్ముకొంటే ఫలితం ఉండదు.

ఇప్పుడొక కష్టమైన మాట చెప్పవలసి ఉన్నది. ఈ పనులన్నీ ఎవరు చేయాలి? మట్టిలో వేసిన కర్బనం ఫలం మూడేళ్ళకో, ఐదేళ్ళకో, పదేళ్ళకో అందుతుంది. చేనిని దున్నేవాడు కౌలు రైతైతే, వచ్చే ఏడు ఆ చేను తనది అవునో కాదో అతనికి తెలియదు. 2019లో మన రాష్ట్రంలో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు గుర్తింపు ఇచ్చింది, సంతోషమే. కాని ఆ ఒప్పందం కాలపరిమితి 11 నెలలు. పదకొండు నెలల మనిషి పదేళ్ళ పని ఎట్లు చేయగలడు? అతడు చేనిని పిండుకొని పోతే ఆ దోషం అతనిది కాదు. మసీదుల, దర్గాల వక్ఫు భూములు గాని, దేవాలయ మాన్యాలు గాని సాధారణంగా వేలంలో స్వల్పకాలపు కౌలుకే పోతుంటాయి. హెచ్చు పాట పాడినవానికి చేను. ఆ హెచ్చు డబ్బు రాబట్టుకొనేందుకు నేల ఎముకలు కనబడేదాక సేద్యం. అసలు నిలవాలి, ఫలమే పంచాలి అన్న సూత్రంపై ఏర్పడిన ఆస్తిలో కాగితంపై విస్తీర్ణం చెక్కుచెదరక నిలిచి, చేనిలో మట్టి మాత్రం ఏటేటా తరిగిపోతుంటే, ఆ వక్ఫు నిజంగా నిలిచినట్లేనా? సర్వే నెంబరును కాపాడడం అమానత్‌లో సగమే. మట్టిని కాపాడడం రెండవ సగం. భూములు గల పెద్దలు కౌలు గడువును ఐదేళ్ళకు పొడిగించి, గట్టు వేసిన వానికీ, పూడిక తోలిన వానికీ, కట్టె కాల్చనివానికీ కౌలులో కొంత తగ్గింపు ఇచ్చేటట్లు షరతు వ్రాసుకొంటే, ఏ ప్రభుత్వ పథకమూ చేయలేని మేలు జరుగుతుంది.

మరొక హెచ్చరిక. నేలలో నిలిపిన కర్బనానికి ఇతర దేశాలలో వెల కట్టి, కర్బన పత్రాలుగా కొనే వ్యాపారం నేడు పెరుగుతున్నది. ఆ వ్యాపారులు మన ఊళ్ళకూ వచ్చినప్పుడు తలుపు మూయనక్కరలేదు. కాని కాగితం చదవకుండా వేలిముద్ర వేయరాదు. ఎన్నేళ్ళ ఒప్పందం, కట్టె ఎవరిది, డబ్బులో రైతు వాటా ఎంత, కౌలుదారుకు వచ్చేదేమి అన్న నాలుగు ప్రశ్నలు అడగవలెను. ఆ కాగితాన్ని తెలుగులోనో ఉర్దూలోనో తండ్రికి చదివి వినిపించడం చదువుకొన్న కుమారుని, కుమార్తె కర్తవ్యం. మీరు నేర్చుకొంటున్న చదువుకు అంతకంటె మంచి పరీక్ష ఏమున్నది?

కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా ఒక మనవి. మన ఆవరణలో కంపచెట్లు మొలిచిన ఖాళీస్థలాన్ని శుభ్రపరచి, సమానమైన నాలుగు చిన్న మడులుగా విభజింపవచ్చును. ఒకదానిలో ఏమీ వేయక, రెండవదానిలో పశువుల ఎరువు మాత్రమే, మూడవదానిలో బొగ్గు మాత్రమే, నాలుగవదానిలో ఎరువులో మగ్గిన బొగ్గు వేసి ఒకే విత్తనం విత్తవలెను. ప్రతి మడి చివరన ఒక తొట్టి పాతి, ప్రతి వానకూ ఎంత నీరు, ఎంత మట్టి చేరినదీ విద్యార్థులు ఎండబెట్టి తూచవలెను. విత్తక మునుపు, పంట ఎత్తిన తరువాత మట్టిని పరీక్షకు పంపవలెను. దీనికి కావలసినది నాలుగు తొట్లు, ఒక త్రాసు, ఒక నోటుపుస్తకం, మూడేళ్ళ ఓర్పు. ఫలితం మంచిదైనా చెడ్డదైనా ఏటేటా ఈ సంచికలోనే రెండు భాషలలో ప్రచురింపవలెను. బొగ్గు పనికిరాదని తేలితే అదియూ విజ్ఞానమే. మన నేలను గూర్చి మనము వ్రాసుకొన్న నాలుగు అంకెలు, పరాయి నేలను గూర్చి వల్లెవేసిన నలభై పేజీల కంటె విలువైనవి.

చివరగా, నేను ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం చెప్పి ముగిస్తాను. ప్రతి ఏటా పంటలు ఎండిపోయే కాలానికి మా తరగతిలో కొన్ని బల్లలు ఖాళీ అవుతాయి. అడిగితే పక్కనున్నవారు ఒక్క మాటే చెబుతారు, "సుగ్గికి పోయినారు సార్." గుంటూరు వైపు మిరపచేలకో, పత్తిచేలకో తల్లిదండ్రులు పోతే, తమ్ముళ్ళను చూచుకొనేందుకో, కూలికి చేయి కలిపేందుకో పిల్లలూ పోతారు. కొందరు తిరిగి వస్తారు, కొందరు రారు. హాజరుపట్టీలో వారి పేరు ఎదుట నేను పెట్టే గైరుహాజరు గుర్తు ఆ బాలుని సోమరితనానికి గుర్తు కాదు. అది ఆ ఇంటి చేనిలో నుండి వంకపాలైన మట్టికి గుర్తు. మన ఆస్తి మట్టిపాలైనదని తెలుగులో అంటాము. మిట్టీ మే మిల్ గయా అని ఉర్దూలో అంటాము. రెండు భాషలలోనూ మట్టి నాశనానికి మారుపేరైనది. నిజానికి మట్టిలో కలిసినదేదీ నశింపలేదు. పేడ కలిసి సారమైనది, బొగ్గు కలిసి నిలువైనది, విత్తనం కలిసి పైరైనది. నశించినది నీటిపాలైన మట్టి మాత్రమే.

విద్యార్థి మిత్రులారా, ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు మీ చేనిలో పత్తికట్టెకు నిప్పు పెట్టే ముందు మీ నాయనతో ఒక్క మాట మాట్లాడండి. ఒక్క గుంట త్రవ్వండి; ఒక్క సాలుకు వేసి చూడండి. మిగిలిన కట్టెను గట్టుకు అడ్డంగా పరచినా మేలే. అసలును నిలుపుకొందము. ఫసలు దానంతట అదే మన ఇంటి ముంగిట నిలుస్తుంది. ఖాళీ బల్లలూ నిండుతాయి.